ఆరు పళ్ల కారు

మా ఊరి సర్పంచ్ రామాయమ్మ గారు. ఈ సంగతి నాకు తెలుసు, కలెక్టరేట్‌లో ఫైలుకు తెలుసు, రామాయమ్మ గారికి కూడా అప్పుడప్పుడు గుర్తొస్తుంటుంది. మిగతా ఊరందరికీ ప్రెసిడెంటంటే ఆవిడ భర్త వెంకట్రామయ్యే. ఆడవాళ్లకు రిజర్వేషన్ వచ్చిన ఏడాది ఆయన చేసిన త్యాగం ఒక్కటే, నామినేషన్ కాగితం మీద తన పేరు బదులు భార్య పేరు రాయడం.

నేను దయామణిని, ఆ పంచాయతీకి సెక్రటరీని. ఊరు వెల్దుర్తి మండలంలో ఉందని చెప్తే చాలు, పేరు చెప్పను. నాకింకా పదిహేడేళ్ల సర్వీసు ఉంది.

పంచాయతీ పనికి ఈ రోజుల్లో కాగితం మీద సంతకం చాలదు. బొటనవేలంత కీ ఒకటుంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కు గుచ్చి పిన్ నంబరు కొడితే సంతకం పడుతుంది. నాకొకటి, సర్పంచ్‌కొకటి. సర్పంచ్ గారి కీ సర్పంచ్ గారి మొగుడి మొలతాడుకు ఉండేది. జేబులో పెడితే పోతుందట, బీరువాలో పెడితే పెళ్లాం తీస్తుందట. సంతకం కావాలని నేను వెళ్లినప్పుడల్లా ఆయన గోడ వైపు తిరిగి, చొక్కా పైకెత్తి, ముడి విప్పి, కీ గుచ్చి, నన్ను అటు చూడమని పిన్ కొట్టేవాడు. ఒకటి రెండుసార్లు ఆ కీ నా చేతికిచ్చాడు కూడా. వెచ్చగా ఉండేది. నాలుగేళ్లు ఆ వెచ్చటి కీతోనే ఊరిని నడిపాం. అది తప్పని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

ఊరికి పడమట చివర ఒక వీధి ఉంది. క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లు, ట్రాక్టర్ల మీద కూలికి పోయేవాళ్లు ఉంటారు. ఆ వీధికి కుళాయి పైపులు మంజూరై ఎనిమిది నెలలైంది. నా సంతకం పడింది. మొలతాటి సంతకం పడలేదు. ఎందుకంటే ఆ వీధి వాళ్లు ఓటు వేయలేదని వెంకట్రామయ్య లెక్క.

"ముందు నాకు ఓటెయ్యటం నేర్సుకోమను. నీళ్లు తాగటం తర్వాత నేర్సుకోవచ్చు," అనేవాడు.

ఆ వీధి గురవమ్మ ప్రతి సోమవారం క్వారీకి పోతూ పోతూ ఆఫీసు ముందు ఖాళీ బిందె దించి నిలబడేది.

"సెక్రటరమ్మా, అదేదో పుల్ల గుచ్చితే మాకు నీళ్లొస్తయ్యంటగా! ఆ పుల్ల ఏడుందో చెప్పు తల్లీ, నేనే పోయి పీక్కొస్తా."

ఎక్కడుందో ఆమెకు ఎలా చెప్పను?

వెంకట్రామయ్యకు ఒకప్పుడు ఎడ్ల పిచ్చి. బండలాగుడు పోటీల్లో ఆయన గిత్తలు మాచర్ల నుంచి నరసరావుపేట దాకా పేరు మోసినవి. ఆఖరి పందెంలో అవి లాగిన దూరాన్ని ఇంటి ముందు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాడు. నాలుగు వేల నూట ఇరవై ఆరు అడుగుల ఎనిమిది అంగుళాలు. ఏటా గోడకు సున్నం వేయించినా ఆ అంకెల మీద మాత్రం చుక్క పడనిచ్చేవాడు కాదు. తన మోకాళ్లు అరిగాక గిత్తల్ని అమ్మేశాడు. అప్పటి నుంచి మైకులో పేరు వినపడక మనిషికి అన్నం సయించడం మానేసింది.

ఆయన కొడుకు తేజ నరసరావుపేటలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. ఆదివారాలు రిమోట్ కార్ల పందేలకు పోతాడు. మోచెయ్యంత కారు గంటకు తొంభై, వంద కిలోమీటర్లు కొట్టేస్తుంది. ఒక ఆదివారం తండ్రిని తీసుకెళ్లి చూపించాడు. వెంకట్రామయ్య కార్లను పెద్దగా చూడలేదు. మైకు చూశాడు, బల్ల మీద షీల్డులు చూశాడు, ఈలలు వేసే జనాన్ని చూశాడు.

"ఇదేందిరా తేజా, మేత లేదు, పేడ లేదు, షీల్డు మాత్రం ఉంది!" అన్నాడట.

వారం తిరక్కుండా ఇంటికి కారొచ్చింది. తేజ బ్యాటరీల సంగతి చెప్పాడు. రెండు సెల్లులవి, నాలుగు సెల్లులవి, ఆరు సెల్లులవి ఉంటాయని, సెల్లులు పెరిగే కొద్దీ వేగం పెరుగుతుందని, దేని పోటీ దానికేనని. వెంకట్రామయ్యకు అంతా తెలిసిపోయింది. ఎడ్ల పోటీల్లో పళ్లను బట్టి ఈడు కట్టి రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం ఉంటాయి కదా.

"అంటే పళ్లన్నమాట. మనది ఎన్ని పళ్లది?"

"ఆరు సెల్లులు నాన్నా."

"ఆరు పళ్లది. మంచి ఈడు," అని కారు వీపు తట్టాడు.

పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టించి, ముందు బంపరుకు గజ్జెలు కట్టించాడు. గజ్జె ఒకటి ఊడి లోపలి పళ్ల చక్రంలో పడి, దానికి నిజంగానే పళ్లూడాయి. కొబ్బరికాయ కొట్టి నీళ్లు కారు మీద చల్లబోతే తేజ అడ్డం పడుకున్నాడు. తడిస్తే సర్క్యూట్ కాలుతుందని చెప్తే, "దిష్టి తగిలితే అంతకన్నా ఎక్కువ కాలుద్ది," అని గొణిగాడు.

ఇంతా చేసి ఆయనకు తోలడం రాలేదు. ఆ కారుతో తిప్పలేమిటంటే, మన దగ్గర్నుంచి పోయేటప్పుడు రిమోట్ చక్రం కుడికి తిప్పితే కుడికే పోతుంది. తిరిగి మన మీదికి వచ్చేటప్పుడు కుడికి తిప్పితే అది మన ఎడమకు పోతుంది. వెంకట్రామయ్య దాన్ని పేడ దిబ్బలోకి పంపాడు, గడ్డివాములోకి పంపాడు, ఒకసారి తన కాలి చీలమండకే గురిపెట్టి కొట్టుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా కారు మీదే వేశాడు.

"ఎద్దయితే ఎటు తిరిగినా దాని కుడి దానికి కుడే. దీనికి బుద్ధి లేదు," అని రిమోట్ అరుగు మీద పడేశాడు.

ఆ రిమోట్‌ను తీసింది రామాయమ్మ గారు. అప్పుడు ఆవిడ కళ్లంలో కందులు ఆరబోసి, కోళ్లనీ మేకలనీ అదిలించలేక నడుము పట్టేసి ఉంది. కూర్చున్న చోటు నుంచే కారును వదిలితే కోళ్లు పరుగో పరుగు. మొదటి రోజు ఒక కుప్ప చెదిరింది. వారానికల్లా కుప్పకూ కుప్పకూ మధ్య జానెడు సందులో, ఒక్క గింజ కదలకుండా, మేక వెనక కాళ్ల దాకా పోయి ఆపేది. ఒకసారి సంతకం కోసం వెళ్లి చూసి నేను నోరు తెరిచాను.

"ఎదురొచ్చేటప్పుడు కుడి ఎడమల తికమక రాదా అమ్మా?" అని అడిగాను.

"ఏముంది దయామణీ, దాని లోపల కూర్చొని చూసినట్టు చూడాలి. ఎదుటోళ్ల వైపు నుంచి చూట్టం నాకు కొత్తా? కాపరానికొచ్చిన కాడ్నించి అదే పని."

మాచర్ల శివార్లలో పందెం పెట్టారు. ఒక రియలెస్టేట్ వెంచరు. సిమెంటు సింహాల గేటు ఉంది, పార్కు అని బోర్డు ఉంది, నున్నటి రోడ్లున్నాయి, ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. కార్ల పందేనికి అంతకన్నా మంచి ఊరు దొరకదు. నడిపించేది నరసరావుపేట క్లబ్బు షఫీక్. మనిషి మెత్తనే గానీ రూలు దగ్గర తండ్రిని కూడా లెక్కచేయడు. వెంకట్రామయ్య ఫోన్ చేసి, యజమానిగా తన పేరు రాసుకోమని, తోలేవాణ్ణి వేరే పెడతానని చెప్పాడు. ఎడ్ల పందెంలో అంతే కదా. తోలేవాడు చెమటోడుస్తాడు, మైకులో యజమాని పేరు మోగుతుంది.

"మా దగ్గర అట్లా కుదరదు సార్. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పోటీదారు. పేరు వాళ్లదే," అన్నాడు షఫీక్.

ఇంకెవరైనా అయితే అక్కడితో మానుకునేవారు. వెంకట్రామయ్యకు ఇలాంటి చిక్కు ఒకసారి వచ్చింది, దాన్ని ఎలా దాటాలో నామినేషన్ రోజే తెలుసుకున్నాడు. తేజ పాత రిమోట్ ఒకటి అటక మీద ఉంది. బ్యాటరీలు కూడా లేవు. దాన్ని తుడిపించి తెప్పించాడు.

"నేను దీన్ని పట్టుకొని పైన నిలబడతా. నువ్వు బొలేరోలో కూర్చొని అసలుది తోలు. అద్దాలు నల్లయ్యి, ఎవడికీ కనపడదు," అని భార్యతో చెప్పాడు. ఆ సమయానికి నేనూ అక్కడే ఉన్నాను. నా సంచిలో పడమటి వీధి ఫైలూ ఉంది.

రామాయమ్మ గారు చేటలో కందులు చెరుగుతూనే అడిగింది. "గెలిపిస్తే నాకేందంట?"

"ఏం కావాలే? పట్టుచీరా?"

"నా కీ."

"ఏం కీ?"

"నీ మొలతాడుకున్న నా కీ. పడమటి వీధోళ్ల కాగితం మీద సంతకం పెట్టుకోవాలి."

వెంకట్రామయ్య నా వైపు చూశాడు. నేను దూలాలు లెక్కపెట్టాను. కాసేపు మీసం నులిమి, మైకులో తన పేరు చెవుల్లో మోగిందేమో, భార్య నెత్తిన చెయ్యి పెట్టాడు.

"సరే. షీల్డు నాకు, కీ నీకు. ఒట్టు."

పందెం రోజు ఆదివారం. గేటు నిండా ఫ్లెక్సీలు. 'శ్రీ వెంకట్రామయ్య గారి ఆరు పళ్ల కారుకు స్వాగతం' అని, కింద ఆయన నమస్కారం పెడుతున్న ఫోటో. సర్పంచ్ ఫోటో లేదు. పోటీదారులు నిలబడడానికి ట్రాక్టర్ ట్రాలీ ఒకటి పెట్టారు. దానికి కాస్త దూరంలో మా బొలేరో. వెనక సీట్లో రామాయమ్మ గారు, పక్కన నేను. ల్యాప్‌టాప్ తెచ్చుకోమని ఆవిడే చెప్పింది. అద్దం నాలుగు వేళ్లు దించుకుంది, అంతే.

ముందు వరస పందేల్లో ఆరు పళ్ల కారు అందరినీ ఊడ్చేసింది. ట్రాలీ మీద వెంకట్రామయ్యను చూడాలి! భుజాన కండువా, చేతిలో ఖాళీ రిమోట్. కారు కుడికి తిరిగితే ఆయన ఎడమకు తిప్పుతున్నాడు. ఆగినప్పుడు గుంజుతున్నాడు. "హై! హొయ్! చల్!" అని అరుస్తూ, అలవాటు చొప్పున లేని ముల్లుకర్రతో గాలిలో పొడుస్తున్నాడు. మైకువాడు, "ఏమి ఒడుపు, ఏమి చేతివాటం, పల్నాటి పౌరుషం!" అని గొంతు చించుకుంటున్నాడు. బొలేరోలో రామాయమ్మ గారు చిన్నగా నవ్వి, "నాలుగేళ్లుగా చూస్తన్నదేగా," అంది.

ఫైనల్‌కు ముందు టీ ఇచ్చారు. వెంకట్రామయ్య కిటికీ దగ్గరకొచ్చాడు. మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"ఇరవై చుట్లు. జాగర్తగా తోలు."

"కీ ఇటియ్యి మరి."

"కీ సంగతి ఇంటికి పోయినాక చూద్దాంలే. ఎలక్షన్లు దగ్గర పడ్డయ్. సంతకమంటే ఆడోళ్ల చేతిలో ఆటబొమ్మా?"

"నెత్తిన చెయ్యి పెట్టావు."

"పెట్టా. నెత్తి యాడికన్నా పోయిందా? ఉందిగా!" అని తన మాటకు తనే నవ్వుకుని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద సగం, నాలుగేళ్లు అటు తిరిగి నిలబడిన నా మీద సగం. రామాయమ్మ గారు చెంగుతో రిమోట్‌ను, తర్వాత వేళ్లను తుడుచుకుంది.

ఫైనల్ మొదలైంది. పదిహేను చుట్లు తిరిగేసరికి మా కారు గురజాల వాళ్ల కారు కన్నా రెండు చుట్లు ముందుంది. మైకులో వెంకట్రామయ్య పేరు తప్ప వేరే మాట లేదు. అప్పుడు ఆరు పళ్ల కారు నెమ్మదించింది. దారి వదిలి, పక్కకు తిరిగి, ట్రాలీ కిందికి వచ్చి, సరిగ్గా యజమాని కాళ్ల దగ్గర ఆగింది. ట్రాలీ చక్రాన్ని ఒకసారి ముక్కుతో పొడిచింది. వెనక్కి పోయి ఇంకోసారి పొడిచింది.

"పో! పో ఎహె!" అంటూ వెంకట్రామయ్య పళ్ల బిగువున అదిలిస్తున్నాడు. ఖాళీ రిమోట్‌ను మాత్రం తిప్పుతూనే ఉన్నాడు.

"వెంకట్రామయ్య గారు కావాలనే ఆపారు! ఏదో వ్యూహం ఉంది!" అన్నాడు మైకువాడు.

రామాయమ్మ గారు ఫోన్ తీసింది. ట్రాలీ మీద ఆయన జేబు మోగింది.

"కీ కారు వెనక రెక్కకి కట్టు," అంది. "తొందరేం లేదు. గురజాలోళ్లు ఒక చుట్టు తగ్గించారు."

ఆయన బొలేరో వైపు చూశాడు. జనం వైపు చూశాడు. షీల్డు వైపు చూశాడు. గురజాల కారు ఇంకోసారి జుయ్యిమని పోయింది. ఒక పక్క ఊరు మీద పెత్తనం, ఒక పక్క రేకు షీల్డు. మనిషి ఎక్కువసేపు ఆలోచించలేదు. తిరుగుదామంటే ట్రాలీ మీద గోడ లేదు. అయిదొందల మంది ముందు చొక్కా పైకెత్తి, పంచె మడత సడలించి, తల వంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. మైకువాడు కూడా మాట్లాడటం మానేశాడు.

ట్రాలీ దిగి, నల్లదారంతో సహా కీని కారు రెక్కకు కట్టాడు. కారు గిరుక్కున తిరిగి బొలేరో దగ్గరకు వచ్చింది. తలుపు తెరుచుకుంది. గాజుల చెయ్యి బయటికొచ్చి కీ విప్పుకుంది. జనంలోంచి ముందు ఒక ఈల, తర్వాత వంద ఈలలు.

ఆవిడ తలుపు మూయలేదు. కీ నా ఒళ్లో వేసి, కిందికి దిగి, చెప్పులు విడిచి, కళ్లంలో నిలబడినట్టే రోడ్డు మీద నిలబడింది. చేతిలో రిమోట్ అందరికీ కనపడుతోంది. గురజాల కారు అప్పటికి అర చుట్టు ముందుకు పోయింది. అయిదు చుట్లున్నాయి. ఇంకొకరైతే వేగం పెంచి మలుపులో పల్టీ కొట్టించేవారు. ఆవిడ మలుపు మలుపుకూ కొంచెం కొంచెం దూరం మింగుతూ వచ్చింది. ఆఖరి మలుపులో గురజాల కారుకూ రోడ్డంచు రాతికీ మధ్య జానెడు సందు కనిపించింది. అది ఆవిడకు తెలిసిన సందే. దూరిపోయింది.

షఫీక్ కాగితం పట్టుకొని ట్రాలీ దాటి నేరుగా ఆవిడ దగ్గరకొచ్చాడు.

"కారు నాదయ్యా!" అని వెనక నుంచి అరిచాడు వెంకట్రామయ్య.

"కారు మీదే సార్. పందెం ఈ అమ్మది," అన్నాడు షఫీక్. "పేరేం రాయమంటారమ్మా?"

"రామాయమ్మ. సర్పంచ్."

మైకులో ఆ రెండు మాటలు అలాగే మోగాయి. ముందు 'ఫలానా వారి భార్య' అని లేదు. నాకు కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు. ఎవరో జనంలోంచి, "ప్రెసిడెంటు గారూ, మీ దాంట్లో బ్యాటరీలు ఏయించుకోండి!" అని అరిచారు.

నేను బొలేరో బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఫోన్ నుంచి నెట్ కలిపి, పడమటి వీధి ఫైలు పైకి తెచ్చాను. కీ గుచ్చాను. తెర ఆరంకెల పిన్ అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది, పిన్ ఆయనకొక్కడికే తెలుసు.

ఆయనకూ అదే గుర్తొచ్చింది. అప్పటిదాకా వాడిపోయిన మీసం లేచింది.

"కొట్టండి, కొట్టండి! మూడుసార్లు తప్పితే బిగుసుకుపోద్ది. ఆ తర్వాత మెళ్లో కట్టుకొని తిరగమను!"

"మీ పెళ్లి రోజు అయి ఉంటుందా అమ్మా?" అని మెల్లగా అడిగాను.

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "అది ఏటా నేను గుర్తు చేస్తేనే తెలుస్తది."

"పుట్టినరోజు? మీదో, తేజదో?"

"ఆ మనిషికి గుర్తుండే అంకె ఒక్కటే దయామణీ. కొట్టు. నాలుగు, ఒకటి, రెండు, ఆరు. సున్నా, ఎనిమిది."

నాలుగు వేల నూట ఇరవై ఆరు అడుగుల ఎనిమిది అంగుళాలు. సంతకం పడింది.

వెంకట్రామయ్య మీసం మళ్లీ వాలింది. రామాయమ్మ గారు నవ్వింది గానీ, ఆ నవ్వు మధ్యలో తెగింది.

"పోన్లే," అంది. "నా పుట్టినరోజు పెట్టుకొని ఉంటే కీ లాక్కున్నందుకు బాధపడేదాన్ని."

షీల్డును ఆయన చేతిలోనే పెట్టేసింది. ఒప్పందం ఒప్పందమే కదా. ఆయన దాన్ని, ఖాళీ రిమోట్‌ను చెరో చేత పట్టుకుని, పంచె జారకుండా మోచేతులతో అదుముకుంటూ బొలేరో ముందు సీట్లో కూర్చున్నాడు.

ఎక్కబోతూ ఆవిడ ఆగింది. "ఈ పిన్ మార్చొచ్చా?"

"మార్చొచ్చు. ఏం పెట్టమంటారు?"

"అటు తిరుగు," అంది సర్పంచ్ గారు.

నేను సిమెంటు సింహాల వైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఆరు మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. ఆ నెలాఖరుకే పడమటి వీధిలో పైపులు పడ్డాయి, గురవమ్మ సోమవారాలు రావడం మానేసింది. ఆ పిన్ ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.